క్యారెట్ పట్టుకున్న చెయ్యి

పోయిన వారం మనం సూదులమ్మను గుర్రపుశాలలో, గడ్డి పరుపు మీద వెల్లకిలా పడేసి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా లేవలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. సూదులమ్మ ఆ స్వారీ బడి పెద్దాయనకు కోడలు. గుర్రాల నడుము నొప్పులూ మెడ పట్లూ మందూ మాకూ లేకుండా సూదులు గుచ్చి, కండలు పిసికి నయం చేస్తుందని పేరు. ఆ పేరు తెచ్చిపెట్టింది ఆవలింత అనే నల్ల ఆడగుర్రం. ఒకప్పుడు అది వీపు మీద జీను వెయ్యబోతే కరవడానికొచ్చేది. పెద్దాయన కూతురు గుర్రాల డాక్టరు. ఆవిడ వచ్చి చూసి, "ఇది నడుము కాదు, మెడ. ఎక్స్‌రే తీయించాలి, అప్పటిదాకా దీన్ని ఎవరూ ఎక్కకూడదు" అంది. కోడలు "నాకు వదిలెయ్యండి" అంది. కొన్ని వారాలు సూదులు పడేసరికి గుర్రం గొర్రెపిల్ల అయిపోయింది. కూతురు చిన్నబుచ్చుకుని పుట్టింటికి రావడమే తగ్గించింది. ఇవాళ సాయంత్రం గుర్రాలున్నవాళ్ళందరి ముందూ సూదులమ్మ తన వైద్యం చేసి చూపించాలి. పొద్దున్నే ఒకసారి చెయ్యాడిద్దామని మూపు మీద అరచెయ్యి వేసిందో లేదో, అన్నాళ్ళూ కిమ్మనని ఆవలింత వీపు కుంగదీసి, గిర్రున తిరిగి, కాలు విదిల్చింది. గిట్ట మనిషికి తగల్లేదు. సూదుల పెట్టెకు తగిలింది.

ఇక అక్కణ్ణించి.

సూదులమ్మ లేచి బట్టలు దులుపుకుంది. చూసినవాళ్ళు ఎవరూ లేరని ముందు చుట్టూ చూసుకుని, ఆ తరవాతే దెబ్బ తగిలిందేమోనని చూసుకుంది. మనిషి బుద్ధి అంతే మరి. పెట్టెలోంచి చెల్లాచెదురైన సూదులన్నీ ఏరుకుంటూ, "ఏమైందే నీకు? నిన్నటిదాకా బానే ఉన్నావు కదా?" అని గుర్రాన్ని అడిగింది. గుర్రం గోడ మూలకు నక్కి, తల వంచి, నోరంతా తెరిచి ఆవలించింది. ఒకసారి కాదు, వరసగా ఆవలిస్తూనే ఉంది.

అలా ఆవలించడమంటే సూదులమ్మకు ప్రాణం. సూది పడ్డాక గుర్రం ఆవలిస్తే పట్టు వదిలిందన్న గుర్తని తను నేర్చుకున్నచోట చెప్పారు. అదే ఆవిడ అందరికీ చెప్పింది. "చూశారా, చూశారా, వదులుతోంది" అంటే జనం కూడా మురిసిపోయి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇవాళ సూది గుచ్చనే లేదు. మరి ఈ ఆవలింతలు దేనికి?

ఆ ప్రశ్న రాగానే ఎవరినైనా అడుగుదామని చూసింది. మామగారు ఇంట్లో లేరు. నిన్న కళ్ళ డాక్టరు దగ్గరికని వెళ్ళి, పొద్దుపోయిందని ఎవరో స్నేహితుడింట్లో ఉండిపోయారు. మొగుడు ఊరూరా జీన్లు అమ్ముకుంటూ తిరిగే మనిషి, వారానికోసారి కనిపిస్తాడు. ఇక మిగిలింది ఆడపడుచు. ఆ పిల్లకు ఫోన్ చెయ్యడం కన్నా ఇంకోసారి తన్ను తినడమే నయమనిపించింది సూదులమ్మకు. ఎందుకంటే, ఇంటిల్లిపాదీ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు తను నవ్వుతూ అన్న మాట ఒకటుంది. "కొందరికి చదువుంటుంది గానీ చెయ్యి ఉండదు" అంది. అందరూ నవ్వారు. ఆడపడుచు ముద్ద నోట్లో పెట్టుకోకుండా లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

అయినా ఫోన్ చేసింది. "డాక్టరమ్మా, ఆవలింతకి బాలేదు. ఒకసారి వస్తావా?" అంది.  అవతలినుంచి, "వస్తున్నా వదినా. దాన్ని కదపకు" అని వినిపించింది. ఎత్తిపొడుపు లేదు, ఏమీ లేదు. అది ఉంటే బాగుండేదనిపించింది సూదులమ్మకు.

డాక్టరు వచ్చింది. పొడుగు బూట్లు, పొట్టి జుట్టు, మొహంలో నిద్రలేమి. వదినను పలకరించలేదు, గుర్రాన్ని పలకరించింది. దాని భుజం దగ్గర నిలబడి, అరచెయ్యి పరిచి, వెన్నుకు ఇటుపక్కా అటుపక్కా ఉన్న కండల మీద నెమ్మదిగా బరువేస్తూ తోకదాకా వెళ్ళింది. గుర్రం ఒళ్ళు బిగించింది గానీ తన్నలేదు.

"నువ్వు ఎలా నొక్కుతావు, చూపించు" అంది.

సూదులమ్మ తన పద్ధతిలో వేళ్ళ కొసలతో వెన్ను పక్కన గట్టిగా పొడుస్తూ గీసింది. గుర్రం వీపు విల్లులా కుంగింది.

"ఇదిగో, ఇక్కడే నొప్పి" అంది సూదులమ్మ అలవాటుగా.

"వేళ్ళతో అలా పొడిస్తే నీ నడుమైనా కుంగుతుంది వదినా. ఏ గుర్రాన్ని పొడిచినా ఉలిక్కిపడుతుంది. అది నొప్పని ఎలా అనుకుంటాం?"

ఆ మాట మామూలుగానే అంది. కానీ సూదులమ్మకు తన చేతుల కిందికి వచ్చిన గుర్రాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ప్రతి గుర్రాన్నీ ఆవిడ పొడిచింది. ప్రతిదీ ఉలిక్కిపడింది. ప్రతిదానికీ "నడుము నొప్పి" అని చెప్పింది. ఆ యజమానులంతా ఎంత తెలివిగా కనిపెట్టిందో అని ముక్కు మీద వేలేసుకున్నారు.

డాక్టరు నేల మీద కాస్త గడ్డి వేసింది. ఆవలింత తల దించబోయి ఆగింది. ముందు కాళ్ళు రెండూ ఎడంగా చాపి, ఒళ్ళంతా కిందికి దింపి, మెడ వంచకుండా గడ్డి అందుకోవాలని చూసింది. చూడ్డానికి కాస్త నవ్వొచ్చేలా ఉంది గానీ అక్కడ ఎవరూ నవ్వలేదు.

"ఇది ఎప్పణ్ణించి ఇలా తింటోంది?"

"నేను... గడ్డి ఎత్తుగా వలలో కట్టిస్తున్నాను. అలా అయితే హాయిగా తింటుందని."

"అలా ఎత్తుగా కట్టాలని నీకెందుకనిపించింది?"

 ఎందుకనిపించిందో సూదులమ్మకు తెలుసు. కింద పెడితే తినలేకపోతోందని కనిపించింది. కనిపించినదాన్ని కనపడనట్టు వదిలేసింది.

డాక్టరు ఫోన్ తీసింది. "నువ్వు అందరికీ పంపిన వీడియో ఉంది కదా, అది నాక్కూడా వచ్చింది" అంది.

వీడియోలో సూదులమ్మ నవ్వుతూ ఆవలింత డొక్క పక్కన నిలబడి ఉంది. చేతిలో క్యారెట్ ముక్క. మెడ బాగా వంగుతోందో లేదో చూసే పరీక్ష అది. డొక్క దగ్గర క్యారెట్ పట్టుకుంటే, మెడ బాగున్న గుర్రం నిలబడ్డచోటే తల తిప్పి అందుకుంటుంది. వీడియోలో ఆవలింత కుడివైపు అందుకుంది. ఎడమవైపు కూడా అందుకుంది. చుట్టూ చప్పట్లు.

"బానే ఉంది కదా" అంది సూదులమ్మ. 

"నీకు చెయ్యి ఉందన్నావు కదా వదినా. గుర్రాన్ని చూడకు. ఆ చెయ్యినే చూడు."

డాక్టరు వీడియో మళ్ళీ వేసింది. కుడివైపు చెయ్యి డొక్కకు ఆనించినట్టు నిలబడి ఉంది. ఎడమవైపు వచ్చేసరికి గుర్రం తల సగం దూరం తిరిగి ఆగిపోయింది. అప్పుడు ఆ చెయ్యి, ఎవరూ పిలవకుండా, మెల్లగా ముందుకు జరిగింది. భుజం దాకా జరిగి, క్యారెట్‌ను గుర్రం నోటికి అందించింది. వీడియోలో సూదులమ్మ మొహం మాత్రం కెమెరా వైపు తిరిగి వెలిగిపోతోంది.

తల కొట్టేసినట్టయింది ఆవిడకు. అబద్ధమని తెలిసి ఆడి ఉంటే ఇంత సిగ్గు వేసేది కాదేమో. తెలియకుండా ఆడింది, అందరి ముందూ ఆడింది, ఆడుతూ నవ్వింది. అది తనే ఊరంతా పంచింది.

"ఈ చెయ్యి సంగతి ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?" అంది చివరికి.

"చెప్తే కుళ్ళుతో అంటున్నాననేదానివి."

"అనేదాన్నే" అంది సూదులమ్మ. ఆ పొద్దున ఆవిడ నోట వచ్చిన మొదటి నిజం అది.

డాక్టరు కాస్త మెత్తబడింది. "సూదులు పనికిరావని నేనెప్పుడూ అనలేదు. నొప్పెక్కడుందో తేల్చుకోకుండా గుచ్చకు అన్నాను. అంతే. గుర్రానికి ఆవలింత సుఖానికీ వస్తుంది, నొప్పికీ వస్తుంది. నాకు అర్థం కానిది ఇంకొకటి. మెడ ఇంత చెడితే, ఇన్ని వారాలు నీ దగ్గర అంత బుద్ధిగా ఎలా నిలబడింది? నువ్వు నొప్పి మందేమన్నా ఇస్తున్నావా?"

"మందా? నేనా?" సూదులమ్మకు ఉక్రోషం తన్నుకొచ్చింది. ఆవిడకు మిగిలిన పరువల్లా అదొక్కటే. "నా చేత్తో ఒక్క మాత్ర ముట్టుకోలేదు. కావాలంటే ఒట్టు..."

ఇంతలో శాల తలుపు కిర్రుమంది.

పెద్దాయన వచ్చాడు. కళ్ళ డాక్టరు నిన్న వేసిన చుక్కలు ఇంకా దిగినట్టు లేదు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ నడుస్తున్నాడు. వెలుతురు పొడ కూడా భరించలేక కళ్ళు చికిలిస్తున్నాడు. గుర్రం అవతల, నీడలో నిలబడ్డ కూతురూ కోడలూ ఆయనకు కనపడలేదు. దాణా బకెట్టు ఎక్కడుంటుందో తెలిసిన చేత్తో తడిమి అందుకున్నాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, తెల్లటి పొడి దాణాలో వంపాడు. పైన ఓ యాపిల్ ముక్క నలిపి వేశాడు. వేలితో తిప్పి కలిపాడు. ఎన్నిసార్లో చేసిన పనిలా ఉంది, ఒక్క రవ్వ కూడా కింద పడలేదు.

"నిన్న రాలేకపోయానే తల్లీ, ఏమనుకోకు" అన్నాడు గుర్రంతో, గొంతు తగ్గించి. "తిను. ఇవాళ పెద్ద జాతర. మా కోడలి పరువు నీ వీపు మీదుంది."

ఎవరూ కదల్లేదు. గుర్రం మాత్రం బకెట్టు వైపు మూతి చాపింది.

"నాన్నా" అంది డాక్టరు.

పెద్దాయన చేతిలో బకెట్టు అలాగే ఉండిపోయింది. కూతురి గొంతు గుర్తుపట్టాడు. ఆ గొంతు ఈ శాలలో విని చాలా కాలమైంది. మెల్లగా తల తిప్పి, "ఇంకెవరున్నారు?" అన్నాడు.

"నేనున్నాను మామయ్యా" అంది సూదులమ్మ.

ఆయన ఆ నల్ల కళ్ళద్దాలు తీసేశాడు. వెలుతురుకు కళ్ళు మండుతున్నా పెట్టుకోలేదు. కళ్ళద్దాల చాటున మాట్లాడటానికి మొహం చెల్లక కాబోలు. బడిలో ఎంతమందికో గుర్రం మీద నిటారుగా కూర్చోవడం నేర్పిన మనిషి, భుజాలు జారవేసి దోషిలా నిలబడ్డాడు.

"నువ్వు మొదటిసారి సూదులు పెట్టిన రోజు గుర్తుందా అమ్మా?" అన్నాడు. "ఇది నిన్ను గోడకి నొక్కేసింది. చూడ్డానికొచ్చినవాళ్ళంతా నవ్వారు. నువ్వూ వాళ్ళతో పాటు నవ్వావు. తరవాత దాణా గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చావు. నేను బయటే ఉన్నా. ఈ ఇంటికొచ్చాక నువ్వు నీకోసం అడిగింది అదొక్కటే, ఆ సూదుల చదువు. అది కూడా నవ్వులపాలైపోతోందని... నాకు చేత కాలేదమ్మా చూస్తూ ఊరుకోవడం. ఒక్కసారికే అనుకున్నా. మర్నాడు నీ మొహం చూస్తే మళ్ళీ ఆపబుద్ధి కాలేదు."

"ఆ మందు మొదటి రోజు నేను రాసిచ్చిందేనా?" అంది డాక్టరు.

"నువ్వు రాసిచ్చిందే."

"అంటే నేను చెప్పింది నిజమని నీకు తెలుసు. మెడ అని తెలుసు. ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతుంటే నువ్వూ పక్కనే కూర్చుని అన్నం తిన్నావు." అంది డాక్టరు. "నమ్మకపోతే బాధపడేదాన్ని కాదు నాన్నా. నమ్మి కూడా నా మాటను అబద్ధం చేశావు."

పెద్దాయన కూతురి మొహంలోకి చూడలేకపోయాడు. బకెట్టులోకే చూస్తూ నిలబడ్డాడు.

సూదులమ్మకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆయన పొడి కలిపాడు, తను క్యారెట్ ముందుకు జరిపింది. ఇద్దరూ కలిసి నోరు లేని జీవాన్ని నొప్పితో పరిగెత్తించారు. పైగా ఆ జీవానికి తన పిల్లలాగా ముద్దుపేరు పెట్టి పిలుచుకుంది తను. ఆ మూల నక్కిన గుర్రం వైపు చూడాలంటేనే సిగ్గేసింది. మనుషుల ముందు సిగ్గుపడటం ఆవిడకు కొత్త కాదు. గుర్రం ముందు సిగ్గుపడటం ఇదే మొదలు.

బయట బండ్లు ఆగుతున్న చప్పుడు మొదలైంది. సాయంత్రమని చెప్పినా జనం ముందుగానే వచ్చేస్తున్నారు. మైదానంలో కుర్చీలు లాగుతున్నారు, ఎవరో మైకు సరిచేస్తూ "హలో, హలో" అంటున్నారు.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఇది తింటే కాసేపట్లో సర్దుకుంటుందమ్మా. ఈ ఒక్కరోజు గడిచిపోనీ. రేపే ఎక్స్‌రే తీయిద్దాం, స్వారీ ఆపేద్దాం. నీ పరువూ నిలబడుతుంది, దాని మెడా బాగుపడుతుంది."

 డాక్టరు వదిన వైపు చూసింది.

సూదులమ్మ వెంటనే "వద్దు" అందని రాయాలని నాకూ ఉంది. కానీ అనలేదు. ఆవిడ బకెట్టు వైపు చూసింది. మైదానం వైపు చూసింది. ముందు వరసలో కూర్చునేవాళ్ళ మొహాలు తలుచుకుంది. ఈ ఒక్కరోజే కదా అని నిజంగా అనుకుంది. ఆవిడ చెయ్యి బకెట్టు కోసం ముందుకు జరిగింది కూడా. అలా జరుగుతున్న తన చెయ్యిని చూసుకుని అప్పుడు ఆగింది.

బకెట్టు అందుకుని బయటికి తీసుకెళ్ళి, దాణా అంతా చెత్త గుంటలో బోర్లించింది.

సాయంత్రం ఆవలింతను మైదానంలోకి నడిపించుకు వెళ్ళినప్పుడు చప్పట్లు మోగాయి. సూదులమ్మ వెనక డాక్టరు పగ్గం పట్టుకుని నడిచింది. పెద్దాయన ఓ చివర కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. సూదులమ్మ సూదుల పెట్టె తీసుకురాలేదు. చేతిలో ఒక్క క్యారెట్ ముక్క ఉంది.

"అందరూ వీడియో చూశారు కదా" అంది మైకులో. "దాన్నే మళ్ళీ చేస్తాను. ఈసారి గుర్రాన్ని కాదు, నా చెయ్యిని చూడండి."

ఎడమవైపు నిలబడి, చెయ్యిని డొక్కకు ఆనించింది. ఆవలింత తల తిప్పింది. సగం దూరం వచ్చి ఆగింది. పెదాలు చాపింది. కళ్ళ చుట్టూ ముడతలు పడ్డాయి. ఇంకో అడుగు దూరంలో ఉంది క్యారెట్. సూదులమ్మ చెయ్యి ముందుకు వెళ్ళిపోవాలని కొట్టుకుంటోంది. ఆవిడ కదలనివ్వలేదు. గుర్రం ఇంకొక్కసారి ప్రయత్నించి, చేతకాక, తల వెనక్కి తీసుకుని ఆవలించింది.

అలవాటు కొద్దీ ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

"నాకు నయం చెయ్యడం రాలేదు" అంది సూదులమ్మ. "దీనికి మెడ నొప్పి. మా డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. నేను వినలేదు, పైగా నలుగురిలో ఎగతాళి చేశాను. ఇది నా దగ్గర బుద్ధిగా నిలబడింది నా సూదుల వల్ల కాదు. మా ఇంట్లోనే దీనికి నొప్పి మందు పడుతోంది. నాకు తెలియదు. తెలియకపోవడం నా గొప్ప కాదు, చూసి ఉంటే తెలిసేది." అప్పుడు రెండడుగులు ముందుకు వేసి ఆ క్యారెట్‌ను గుర్రం నోటి దగ్గరికే తీసుకెళ్ళి పెట్టింది. ఆవలింత నమిలిన చప్పుడు మైకులో పెద్దగా వినిపించింది.

 ఆడపడుచు వచ్చి వదిన పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు, అలాగని దూరంగానూ నిలబడలేదు. పెద్దాయన తల వంచుకునే ఉన్నాడు. సూదులమ్మకు సిగ్గుతో ఒళ్ళంతా మండుతోంది గానీ, పొద్దుట్నుంచీ మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది. ఇంతకన్నా దిగజారడానికి ఇంకేం లేదులే అనుకుంది.

అప్పుడు రెండో వరసలోంచి ఒకావిడ లేచింది. బేకరీ యజమానురాలు. ఆవిడ గోధుమరంగు గుర్రానికి నడుము నొప్పని సూదులమ్మే తేల్చింది, ఇక్కడికే తెప్పించుకుని సూదులు పెట్టింది, పూర్తిగా నయమైందనీ ఎంత ఎత్తయినా దూకించుకోవచ్చనీ తనే భరోసా ఇచ్చి పంపింది.

"మరి మా దానికో?" అంది ఆవిడ. "దానికి కూడా మందు పడిందా?"

"లేదు లేదు, దానికి..." అంటూ సూదులమ్మ మామగారి వైపు తిరిగింది. ఆయన తల అడ్డంగా ఊపుతాడని, లేదమ్మా అంటాడని చూసింది.

పెద్దాయన తలెత్తలేదు. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

బేకరీ ఆవిడ మొహం పాలిపోయింది. "మా అమ్మాయి ఇవాళ ఉత్సాహంగా ఉందండీ" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా. "బండిలో రానంది. మీ అందరికీ చూపిస్తానని ఏటి పక్క కంచెలన్నీ దాటించుకుంటూ దాని మీదే వస్తోంది."

అందరూ ఒక్కసారి గేటు వైపు తిరిగారు. దూరం నుంచి గిట్టల చప్పుడు వినిపించింది. వేగంగా వస్తోంది. గేటు మలుపు తిరిగి గోధుమరంగు గుర్రం లోపలికి దూసుకొచ్చింది. జీను ఒక పక్కకు జారి వేలాడుతోంది. దాని మీద ఎవరూ లేరు.